పడని రోకలి

మా మేనమామ కాంటాలు బాగుచేసేవాడు. ఇల్లు సూర్యాపేటలో, పని మిర్యాలగూడలో. వారంలో నాలుగు రోజులు పొద్దున మొదటి బస్సుకు పోయి, రైస్ మిల్లుల్లో బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాంటాలను విప్పి, కడిగి, అరిగిన చోట సరిచేసి, మళ్ళీ బిగించి సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. ఆయన సంచిలో ఏమేం ఉండేవో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. రెండు స్పానర్లు, ఒక ఆకురాయి, కిరోసిన్ సీసా, పాత ధోవతి గుడ్డ, సీసం ముక్కల డబ్బా, ప్రభుత్వ ముద్ర ఉన్న కిలో రాయి, రెండు వందల పేజీల నోటుబుక్కు. గురుత్వాకర్షణ మీద ఆయన సొంత సిద్ధాంతం ఆ నోటుబుక్కులో ఉండేది.

పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు సెలవుల్లో ఆయన వెంట మిల్లులకు పోయేవాణ్ణి. ఉడికిన వడ్ల వాసన మిర్యాలగూడ బస్టాండులో దిగకముందే తగిలేది. మిల్లులో ఆయన మొదట చేసే పని ఎప్పుడూ ఒక్కటే. కాంటా మీద ఏమీ లేకుండా ఊడ్పించి, ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూసేవాడు. వట్టి కాంటా ఒక పక్కకు మొగ్గితే, ఆ లోటుకు సరిపడా సీసం ముక్క వేసి సరిచేసేవాడు. దాన్ని పాసంగం అంటారు.

"వట్టి కాంటా సూడకుండ బస్తా ఎక్కియ్యొద్దు అల్లుడా," అనేవాడు. "సున్న తప్పయితే మీదిదంత తప్పే."

పదో తరగతి దాటని మనిషి నోట ఆ మాట విన్నప్పుడు, మా వర్క్‌షాపు పాఠాల్లో అంత ముఖ్యమైన మాట ఇంకొకటి లేదనిపించింది. ఇప్పటికీ అదే అభిప్రాయం.

ఆయన సిద్ధాంతాన్ని క్లుప్తంగా చెబుతాను. భూమి దేన్నీ లాగదు. ఆకాశం నలువైపుల నుంచీ కంటికి కనిపించని ఒత్తిడితో ప్రతి వస్తువునూ నెడుతూ ఉంటుంది. కింది నుంచి వచ్చే ఒత్తిడికి భూమి అడ్డం కాబట్టి, పైనుంచి వచ్చేదే గెలుస్తుంది. మనం దాన్నే బరువు అంటున్నాం. అన్నిటికంటే గట్టిగా నెట్టేవాడు సూర్యుడు. ఆయన ఎప్పుడూ ఏదో ఒక పక్క నుంచి నెడతాడు కాబట్టే సన్నగా, పొడుగ్గా ఉన్న వస్తువు నిలువునా నిలబడదు.

"తాడు కట్టకుండ గుంజుడేంది?" అని ఆయన వాదన. "గుంజాల్నంటే పట్టుకోవాలె. నెట్టాల్నంటే తగిల్తే సాలు. నా నలభై ఏండ్లల్ల కాంటాను కింది నుంచి ఎవడన్న గుంజంగ నేను సూడలే. మీద పెడ్తెనే దిగుతది."

మిల్లులో ఈ సిద్ధాంతం తెలియని మనిషి లేడు. హమాలీలు లారీ కాడ బస్తా ఎత్తేముందు ఆయన వైపు తిరిగేవారు.

"అన్నా, ఆ నెట్టుడు జర ఆపమని చెప్పరాదే. ఈ నూరు బస్తాలు ఎక్కినంక మళ్ళ సురూ చెయ్యమను."

"నా చేతిల లేదురా. గ్రహణం రావాలె."

"గ్రహణం దాక లారీ ఆగుతదా?"

ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నేను మాత్రం నవ్వకుండా వరుస నంబర్లు వేసి అభ్యంతరాలు రాసేవాణ్ణి. వాటిలో మూడోది గొడుగు గురించి. పైనుంచి నెడుతున్నది నిజమైతే, గొడుగు కింద మనిషి బరువు తగ్గాలి. మామ మారుమాట లేకుండా గుమస్తా గొడుగు అడిగి తెచ్చుకుని, ఎండలో కాంటా ఎక్కి ముందు దాన్ని మూసి తూచుకున్నాడు, తర్వాత విప్పి పట్టుకుని తూచుకున్నాడు. వంద గ్రాముల తేడా కూడా లేదు. నోటుబుక్కులో నా అభ్యంతరం పక్కన ఇలా రాశాడు: "చూసినాము. గొడుగు చాలదు. చంద్రుడంత కావలె."

ఆ చంద్రుడు అంతకు చాలా ముందే, నా చిన్నప్పుడు, 1980 ఫిబ్రవరిలో ఒకసారి వచ్చి పోయాడు. సూర్యాపేట సరిగ్గా సంపూర్ణ గ్రహణం పట్టే దారిలో ఉంది. ఆ మధ్యాహ్నం ఊరంతా తలుపులు బిగించుకుంది. బస్సులు లేవు. నన్ను కూడా మా ఇంట్లో కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో ఉంచారు. నేను ఏమీ చూడలేదు. చూసింది మామ. ఆ రెండు నిమిషాల గురించి ఆయన చెప్పినన్నిసార్లూ నాకు ఒళ్ళు జలదరించేది. ఎదురింటి గోడ మీద ఎండ రంగు మారి కంచు లాగా అయిందట. కోళ్ళు గూట్లోకి నడిచాయట. పడమటి నుంచి నీడ ఒక దుప్పటి లాగా వచ్చి మీద పడిందట. నాలుగు దిక్కులా అంచుల్లో మాత్రం తెల్లవారుతున్నట్టు వెలుగు, నడినెత్తిన చుక్కలు, సూర్యుడున్న చోట తెల్లటి వెంట్రుకలున్న నల్లటి బిళ్ళ.

అప్పుడు మామ ఇంట్లో, మా అమ్మమ్మ నిలబెట్టిన రోకలి నిలబడే ఉంది. మా వైపు ప్రతి ఇంట్లో చేసేదే అది. గ్రహణం పట్టగానే తాంబాళంలో పసుపు నీళ్ళు పోసి, అందులో రోకలిని నిలువునా పెడతారు. పట్టినంతసేపు నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది. పడితేనే స్నానాలు చేసి పొయ్యి వెలిగిస్తారు. ఆ రోజు మామ ఆకాశం చూసి లోపలికి వచ్చాడు. కాసేపట్లో ఎండ మామూలైంది. ఆయన మళ్ళీ బయటికి పోయి పైకి చూస్తుండగానే లోపల రోకలి ధన్‌మని పడింది. నాలుగడుగుల కర్ర ఏ ఆధారమూ లేకుండా నిలబడింది, సూర్యుడు తిరిగి రాగానే పడిపోయింది. కాంటా ఎటు మొగ్గితే ఎందుకు మొగ్గిందో తేల్చందే వదలని మనిషికి ఆ రెండూ కలిపి చూడకుండా ఉండటం సాధ్యం కాలేదు. ఆ తర్వాత పదిహేనేళ్ళలో రెండు వందల పేజీలు నిండాయి.

1995లో నేను కోదాడలో గది కిరాయికి తీసుకుని, హుజూర్‌నగర్ దారిలోని ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేస్తున్నాను. పక్క వాటాలో ఒక ఫిజిక్స్ లెక్చరర్ ఉండేవారు. కృష్ణ దాటి అవతలి నుంచి వచ్చినవారు. గ్రహణం రోజు భయపడొద్దని, నల్ల ఫిల్టర్ పెట్టుకుని చూడమని బడుల్లో చెప్పి వస్తుండేవారు. ఆయనతో మామ సంగతి చెప్పాను. రమ్మన్నారు.

మామ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. లెక్చరర్ గారు నోటుబుక్కును ముప్పావుగంట చదివారు. ఒక్క పేజీ కూడా దాటవేయలేదు. నాకు అది గౌరవం లాగానూ కనిపించింది, పరీక్ష లాగానూ కనిపించింది.

"ఇందులో లెక్కలు లేవండి," అన్నారు చివరికి.

"లెక్క రాదు సార్. తూకం వస్తది."

"సరే, తూకం లాగే అడుగుతాను. గ్రహణం లేని రోజు రోకలి నిలబెట్టి చూశారా?"

మామ ఆశ్చర్యపోయాడు. "గ్రహణం లేనప్పుడు ఎవరు నిలబెడ్తరు సార్?"

"అదేనండి నేనడిగేది."

ఫ్యాను గాలికి లేస్తున్న నోటుబుక్కు పేజీల మీద చెయ్యి పెట్టి, మామ నా వైపు చూశాడు. ఆయన అడగబోయేది నాకు తెలుసు. అభ్యంతరాల పట్టీలో నేను పద్దెనిమిది దాకా రాశాను, ఇది మాత్రం రాయలేదు. నేనూ ఆ ఇళ్ళలోనే పెరిగినవాణ్ణి. గ్రహణం లేని రోజున రోకలిని నిలబెట్టాలన్న ఆలోచన నాకూ రాలేదు.

"మా అవ్వ నిలబెట్టనియ్యదు సార్," అన్నాడు మామ నెమ్మదిగా, తన తల్లి గురించి. "ఉత్తగ నిలబెడితే ఇంటికి మంచిది గాదంటది."

"అయితే వద్దండి. రెండో వైపు నుంచి చూద్దాం. విడవగానే పడుతుందని రాశారు కదా. వచ్చే నెల గ్రహణం ఉంది. నిలబెట్టండి. ఎవరూ ముట్టుకోకూడదు. పడిన టైము రాయండి. విడిచిన పది నిమిషాల్లో పడిందంటే, మా కాలేజీలో పిల్లల ముందు ఈ సిద్ధాంతం మీరే చెబుదురు గాని. నేను వెనక బెంచీలో కూర్చుని వింటాను."

"పడకుంటే?"

"పడకపోతే ఏం చెయ్యాలో మీరే చెప్పండి."

మామ నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పడకుంటే ఇది మూస్త సార్. మళ్ళ తెరువ."

బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒక్క మాటే అన్నాడు. "వట్టి కాంటా సూడలే అల్లుడా నేను."

గ్రహణం దీపావళి తెల్లవారి వచ్చింది. అత్తమ్మ పండుగకు పుట్టింటికి పోయింది. ఇంట్లో మామ, అమ్మమ్మ, నేను. తలుపులు వేసి ఉన్నాయి. నా చేతిలో గడియారం, గీతలు కొట్టిన తెల్లకాగితం. మూడు గడులు పెట్టాను: టైము, రోకలి, ఇతర విషయాలు.

మూడో గడిలో ఏమీ ఉండదనుకున్నాను. కానీ తూర్పు వైపు పెంకుల మధ్య ఒక సందు ఉంది. దానిలోంచి సన్నటి ఎండ పడమటి గోడ మీద రూపాయి బిళ్ళంత గుండ్రంగా పడుతోంది. ఏడున్నర కావస్తుండగా ఆ బిళ్ళ అంచు చెదిరినట్టు కనిపించింది. గోడకు సున్నం పెచ్చు లేచిందనుకుని వేలితో రుద్దాను. వేలి మీద కూడా అంచు తగ్గిన బిళ్ళే పడింది. అది ఎండ మచ్చ కాదు, సూర్యుడే. పెంకుల సందులోంచి, తలుపులు వేసిన గదిలోకి, గోడ మీదికి వచ్చాడు. పాలిటెక్నిక్‌లో ఈ సూదిబెజ్జం కెమెరా సూత్రానికి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. అది నా చేతి మీద పడుతుందని మాత్రం అనుకోలేదు.

గ్రహణాన్ని చూడనంటే చూడనని కొంగు కప్పుకుని కూర్చున్న అమ్మమ్మ, గోడ వైపు తిరిగి, "గిదేంది, ఇంట్లకే వచ్చిండు," అంది. తర్వాత ఇక కళ్ళు తిప్పలేదు.

మామ రోకలికి బొట్టు పెట్టి, తాంబాళంలో నిలబెట్టి, చేతులు వదిలాడు. వాలింది. పట్టుకున్నాడు. నాలుగోసారి చేతులు వదిలినప్పుడు వాలలేదు. ఏడూ నలభై. పసుపు నీళ్ళలో, అడుగున తొడిగిన ఇనుప పొన్ను మీద, మామ ఛాతీ ఎత్తున, చేవ నల్లబడ్డ ఆ కర్ర ఏదో విన్నట్టు నిలబడింది. నేను కాగితం వెనక లెక్క వేశాను. పొన్ను వెడల్పు రెండంగుళాలు. బరువు మధ్య దాదాపు ఇరవై రెండంగుళాల ఎత్తున ఉండొచ్చు. అంటే ఏ పక్కకైనా రెండున్నర డిగ్రీలు వాలేదాకా పడదు. లెక్క సరిపోయింది. లెక్క సరిపోయాక కూడా దాని వైపు చూస్తే ఊపిరి గట్టిగా వదలబుద్ధి కాలేదు.

ఎనిమిదిన్నర దాటాక గోడ మీద సూర్యుడు కొడవలిలా అయ్యాడు. గదిలో వెలుగు బూడిద రంగుకు వచ్చింది. వీధిలో ఒక్క చప్పుడు లేదు. ఆ తర్వాత కొడవలి మెల్లగా లావెక్కుతూ, గోడ మీంచి కిందికి జారుతూ వచ్చింది. పది కావడానికి కొద్ది నిమిషాల ముందు అది నిండు బిళ్ళయింది. "విడిచింది" అని రాశాను.

రోకలి నిలబడే ఉంది.

పక్కింటావిడ గోడ మీంచి పలకరించింది. "పెద్దమ్మా, మాది పడ్డది. మీది పడ్డదా?"

"పడలే బిడ్డా."

"ఇంకా పడలేదా? మరి నేను పొయ్యి అంటువెడుతున్న గద."

"అంటువెట్టుకో. మీది పడ్డది గదా."

పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. వీధిలో ఇళ్ళ నుంచి నీళ్ళ చప్పుళ్ళు, పోపు వాసనలు రావడం మొదలైంది. అందరి రోకళ్ళూ సమయానికి పడ్డాయి. మాది తప్ప. మామ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. జీవితంలో ఆయన ఏ వస్తువూ పడాలని అంతగా కోరుకుని ఉండడు. పదిన్నరకు మెయిన్‌రోడ్డు మీద బరువు లారీ పోయింది. తాంబాళంలో నీళ్ళు వలయాలు వలయాలుగా వణికాయి. మామ కొద్దిగా ముందుకు వంగాడు. నీళ్ళు తేటపడ్డాయి. రోకలి కదల్లేదు.

నేను మంచినీళ్ళకు వెనక అరుగు మీదికి పోయి వచ్చేసరికి, వెనక గుమ్మంలోంచి లోపల ఆయన కనిపించాడు. చూపుడువేలు రోకలికి అంగుళం దూరంలో ఉంది. అమ్మమ్మ గోడకు ఒరిగి కళ్ళు మూసుకుని ఉంది. చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఒక్క వేలు తగిలితే పదిహేనేళ్ళు నిలబడతాయి, కోదాడ కాలేజీలో బల్ల ముందు ఆయన నిలబడతాడు. నేను చెంబు పట్టుకుని గడప బయటే ఆగిపోయాను. ఎంతసేపో నా కాగితంలో లేదు. తర్వాత ఆయన ఆ వేలిని వెనక్కి తీసుకుని, ఇంకో చేత్తో ఆ వేలినే పట్టుకున్నాడు.

"ఉన్నవా అల్లుడా," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "టైమెంత?"

"పదకొండు అయిదు."

"నిలబడే ఉన్నదని రాయి. ఇగ సాలు." తర్వాత తల్లి వైపు తిరిగాడు. "అవ్వా, లే. అన్నం వండుకో. గ్రహణం ఎప్పుడో ఇడిసింది."

అమ్మమ్మ కళ్ళు తెరిచింది. "నాకు తెల్వదా. గోడ మీద గుండ్రంగైనప్పుడే ఇడిసింది."

"మరి గింతసేపు ఎందుకు కూసున్నవ్?"

"నువ్వు దానిమీదనే కండ్లు పెట్టి కూసుంటివి. నేనెట్ల పడగొట్టాలె?"

మామకు ఒక క్షణం అర్థం కాలేదు. "పడగొట్టుడేంది?"

"ఎవలో ఒకలు పడగొట్టకుంటే అదెట్ల పడ్తదిరా? మా అత్త కాలితోని తాంబాళం జరిపేది. నేను కొంగు తగిలిస్త. పొయ్యి అంటువెట్టాలె గద, పిల్లలు ఆకలి ఆకలంటరు."

"పట్టపగలు సీకటైన నాడు?"

"ఆనాడు నువ్వు వాకిట్ల పిచ్చోని లెక్క మీదికి సూస్తుంటివి. సక్కగ దొరికింది టైము. తగిలిచ్చిన."

ఆమె గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు. దీపం వెలిగించినంత మామూలుగా చెప్పింది. వీధిలో అన్ని రోకళ్ళూ సమయానికి ఎలా పడ్డాయో నాకు అప్పుడు అర్థమైంది. ఎన్ని ఇళ్ళు, ఎన్ని కొంగులు, ఎన్ని తరాలు. ఒకరికొకరు చెప్పుకోకుండా, మగవాళ్ళకు అసలే చెప్పకుండా.

మామ నవ్వుతాడో ఏడుస్తాడో తెలియలేదు. రెండూ చేయలేదు. "మరి నిలబడుడు? అది గూడ నువ్వేనా?"

"నిలబడుడు నాకేం తెల్సు. అది నా చేతిలది గాదు."

ఆయన రోకలిని పైకి ఎత్తి, పొన్నును గుడ్డతో తుడిచి, మళ్ళీ తాంబాళం మీదికి తెచ్చాడు.

"గ్రహణం లేదు గదరా," అంది అమ్మమ్మ.

"అందుకే."

ఆమె వద్దనలేదు. "నేనైతే సూడ," అని బియ్యం కడగడానికి పోయింది. వాకిలి దాకా పోయి ఆగి చూసిందని నేను రాసుకున్నాను.

ఆరోసారికి నిలబడింది. పదకొండూ ఇరవై. తలుపులు తీసి ఉన్నాయి. నిండు ఎండ గడప దాటి తాంబాళం దాకా వచ్చింది, అటు వీధిలో సైకిలు బెల్లు, ఇటు బియ్యం కడుగుతున్న చప్పుడు. ఏ విశేషమూ లేని పూట. సూర్యుడికి ఏదీ అడ్డం లేదు. దాని మధ్యలో రోకలి. పొద్దున్న చూసినప్పటి కంటే నాకు అప్పుడే ఎక్కువ భయం వేసింది. అది ఏ రోజైనా నిలబడేది. మా ముత్తాతల నాటి నుంచీ మూలకు ఒరిగి ఉన్న ప్రతి రోజూ నిలబడగలిగేదే. ఎవరూ అడగలేదు.

మామ నోటుబుక్కు తీసి, గ్రహణం గురించి రాసిన పేజీల మీద మూల నుంచి మూలకు ఒక్కొక్క గీత కొట్టాడు. ముద్ర వేసే ఇన్‌స్పెక్టరు పనికిరాని కాంటా మీద కొట్టే గీత లాంటిది. ఆకాశం నెడుతుందన్న పేజీల మీద కొట్టలేదు. కానీ దారం చుట్టి ముడి వేశాడు.

ఆ ఆదివారం కోదాడకు రోకలితో సహా వచ్చాడు. బస్సులో కండక్టరు, "ఇది పెద్దటికెట్టా, అరటికెట్టా?" అని అడిగితే, "నిలబడే వస్తది, సీటు అక్కర్లే," అన్నాడట.

లెక్చరర్ గారి ముందు నా కాగితాన్ని పెట్టాడు. "పడలే సార్. గ్రహణం లేనప్పుడు గూడ నిలబడ్డది. పుస్తకం మూసిన."

ఆయన కాగితం రెండువైపులా చదివారు. లెక్క వేసిన వైపు చూసి తల ఊపారు. "ఇదే వచ్చి పిల్లలకు చెప్పండి. ఇలా చేసేవాళ్ళు తక్కువండి."

"అనుకున్న మాట అనుకున్నదే సార్. పడకుంటే మళ్ళ తెరువనన్న." తర్వాత కాస్త తటపటాయించి అడిగాడు. "మీరు ఎప్పుడన్న నిలబెట్టిండ్రా?"

"లేదండి. నిలబడుతుందని తెలుసు."

"తెలుసుడు వేరే సార్."

లెక్చరర్ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, లుంగీ పైకి ఎగదోసుకుని, గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. మామ ఎదురుగా కూర్చుని, కాంటా ముల్లును చూసే చూపుతో చూస్తూ, "ఎడమకు జర... ఎక్కువైంది... ఊపిరి వదలకు సార్," అంటున్నాడు. పదకొండోసారి లెక్చరర్ గారు వేళ్ళు విప్పారు. రోకలి ఆయన వేళ్ళ మధ్య నుంచి ఎటూ పోలేదు.

ఆయన చేతులను దగ్గరికి తీసుకోలేదు. రోకలికి రెండు పక్కలా బెత్తెడు దూరంలో గాలిలో అలాగే ఉంచేశారు. మామ చేతులూ అలాగే ఉన్నాయి. నేను లేచి ఫ్యాను ఆపాను. అలవాటు కొద్దీ గడియారం చూశాను. నాలుగూ పన్నెండు. రాసుకోవడానికి నా దగ్గర కాగితం లేదు.